పంతొమ్మిదో నిమిషం

బంతులు ఏరడం నా పని.
ఫారో దీవుల్లో మాదో చిన్న రేవు.
మైదానానికి మూడు పక్కలా కొండ,
నాలుగో పక్క సముద్రం.
వల కట్టారు, గాలి చింపింది.
మళ్ళీ కట్టారు, మళ్ళీ చింపింది.
చివరికి వలల ఖర్చు లెక్కేసుకుని
నన్నూ నా పడవనీ పెట్టుకున్నారు.

ఆటకి రెండో మూడో పడతాయి నీళ్ళల్లో.
ట్రోండుర్ ఆడిన రోజున అయిదు.

ఎడంకాలి వాడు.
ఆ కాలు ఒక్కోసారి వాడి మాట వినేది,
చాలాసార్లు గాలి మాట.
గోలు మీంచి, మూల జెండా మీంచి,
గట్టున ఆరేసిన చేపల మీంచి
బంతి నావైపు ఎగిరొస్తుంటే
జనమంతా ఒకే గొంతుతో అరిచేవాళ్ళు:
"సామల్, నీకే!"
నేను తెడ్డెత్తి చూపించేవాణ్ణి.
నడుం మీద చేతులేసుకుని
బంతి తిరిగొచ్చేదాకా వాడక్కడే నిలబడేవాడు,
పలక పారేసుకున్న పిల్లాడిలా.

ఇరవై రెండేళ్ళు.
మార్చిలో ఒక బుధవారం, సాధన ముగిశాక,
బూటు తాళ్ళు విప్పుకుంటూ పక్కకి ఒరిగాడు.
గుండె, అన్నారు.
ఒక బూటు ఇంకా కాలికే ఉంది.
ఎడమది.

ఊరు మరీ చిన్నది, ఏడవడానికి చోటు చాలదు.
ఒక ఇంట్లో వెక్కితే పక్కింట్లో దీపం వెలుగుతుంది.
బడి మేష్టారు శిలాఫలకం అన్నాడు.
చేపల కర్మాగారం వాళ్ళు డబ్బిస్తామన్నారు.
రొట్టెలమ్మే బిర్నా చేతులు దులుపుకుని అంది:
"రాయా? వాడికా?
వాడు ఒకచోట నిలబడిందే బంతి కోసం."

ఆ మాటలోంచి పుట్టింది ఇది.
వాడి చొక్కా మీద అంకె పంతొమ్మిది.
పంతొమ్మిదో నిమిషంలో రిఫరీ ఈల వేస్తాడు.
జనంలోంచి ఒకరు దిగొచ్చి
కావాలనే బంతిని సముద్రంలోకి తన్నుతారు.
ఇరవై రెండు మంది ఆటగాళ్ళు
నీళ్ళకేసి తిరిగి నిలబడతారు.
నేను వెళ్ళి తెస్తాను.

మొదటిసారి తేవాలో వద్దో తేలలేదు నాకు.
పోనిస్తేనే అందమేమో అనిపించింది,
అలల మీద, ఉత్తరానికి, తన దారిన.
తెడ్లు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.
బంతి చిన్నదవుతోంది.
గట్టుకేసి చూశాను:
రెండు జట్లూ నడుం మీద చేతులేసుకుని
ఎదురుచూస్తున్నాయి.
వేళ్ళు కొయ్యబారేదాకా తెడ్డేశాను.

పొరుగు దీవి జట్టు వచ్చినప్పుడు
వాళ్ళ గోల్‌కీపరే అడిగి మరీ తన్నాడు.
ఏడు ఆటల్లో ట్రోండుర్ వాడి మీద
ఒక్క గోలూ కొట్టలేకపోయాడు.
తన్ని, ఆ లావుపాటి తొడుగులతోనే
మొహం కప్పుకున్నాడు.

నిన్న చెల్లెలి వంతు.
టూరికి తొమ్మిదేళ్ళు.
అన్న చొక్కా మోకాళ్ళు దాటి వేలాడుతోంది.
బంతిని కింద పెట్టింది,
జరిగిపోతే మళ్ళీ సరిచేసి పెట్టింది,
అయిదడుగులు వెనక్కి నడిచింది.
పడవలో లేచి నిలబడ్డాను నేను.
ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

తన్నింది.
కుడికాలితో.
కంచె కమ్మీకి కొట్టుకుని
బంతి తిన్నగా వచ్చి రిఫరీ పొట్టలో తగిలింది.

ముందు బిర్నా దగ్గర మొదలైంది,
ముక్కులోంచి తన్నుకొచ్చే నవ్వు.
తర్వాత మేష్టారు. తర్వాత ఎవరెవరో.
కళ్ళు తుడుచుకుంటూ, పక్కవాళ్ళ భుజాలు పట్టుకుంటూ.
మార్చి నుంచి మా ఊరు ఆ చప్పుడు మర్చిపోయింది.
గాలివాటుగా నీళ్ళమీంచి అది నాదాకా వచ్చింది.

టూరి నడుం మీద చేతులేసుకుని
అందర్నీ గుర్రుగా చూసింది.
"సామల్‌కి అందలేదుగా. మళ్ళీ తంతాను."

రిఫరీ గడియారం చూసుకున్నాడు.
ఇరవై ఒకటో నిమిషం.
ఏమీ అనకుండా వంగి
బంతి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

నేను పడవని
కాస్త గట్టు దగ్గరికి జరుపుకున్నాను.