తట్టి చూడడం

ఒంగోలు, కర్నూలు రోడ్డు హోటల్లో
శిక్షణ మూడోరోజు.
తెరమీద నా గాంట్ చార్టు,
నీలం పట్టీల మెట్లు.

"రిస్కులు రాయండి" అన్నాను.
ఇరవై ముగ్గురు ఇంజినీర్లు రాశారు:
డీజిల్ ధర, వాన, పర్మిట్లు.

చీమకుర్తి క్వారీ నుంచొచ్చిన మాలకొండయ్య
ఖాళీ కాగితం ఇచ్చాడు.
"రాయిని తట్టి వినాల సార్.
ఖంగుమంటే బ్లాకు.
డొల్లగా పలికితే లోపల పగులుండాది.
అది పలికిందాకా తేదీ ఎయ్యగూడదు."

అందరూ నవ్వారు. నేనూ.

టీ విరామంలో, హాలు ఖాళీ అయ్యాక,
అక్టోబరు పదకొండు మీద ఆగిన పట్టీని
వేలి కణుపుతో తట్టాను.
తెర ఊగింది, అంతే.

తలుపు దగ్గర
సాసర్లో టీ ఊదుకుంటూ మాలకొండయ్య:
"ఏమంటది సార్?"