అర పేరు

టికెట్టు మీద కూడా ఓ ఆకు బొమ్మ.
నాలుగంతస్తుల రేకుల మేడ.
మంచు కిటికీల దాకా వచ్చి
లోపలికి రావాలా వద్దా అని తచ్చాడుతోంది.
కింద ఎక్కడో బదుల్లా రైలు కూత.

"చెప్పులు విడిచి ఈ గౌన్లు తొడుక్కోండి" అన్నాడు కదిర్వేలు.
తెల్ల గౌన్లలో మేమంతా
ఎవరి ఆపరేషనో చూడ్డానికొచ్చినట్టున్నాం.

పై అంతస్తులో ఆకు పడుకుని ఉంది,
పొడుగాటి జల్లెడ మంచాల మీద.
కింది నుంచి గాలి ఊదుతుంటే
రాత్రంతా వాడిపోవడమే దాని పని.
"విరక్కూడదు, వంగాలి. అప్పుడే కిందికి పంపుతాం,"
ఒక ఆకు వేలికి చుట్టి చూపించాడు.
ఆ మాట ఆకు గురించే అన్నాడు.

కింద ఇత్తడి పళ్ళెంలో యంత్రం పిసుకుతోంది.
మొదట కోసిన గడ్డి వాసన,
పది అడుగులేస్తే ఉడికిన పండు వాసన.
ఆకుపచ్చ ఎప్పుడు రాగవుతుందో
గడియారం చూసి చెప్పరట, ముక్కుతో చెబుతారట.
జల్లెళ్ళ గది దాటేసరికి
నా కనురెప్పల మీద కూడా పొడి.
"మీది డస్టు, రెండో రకం" అని నవ్వాడు.

మ్యూజియం అంటే పాత గుమాస్తా గది.
దొర టోపీ, దొర గొడుగు, దొర పళ్ళు తోముకున్న బ్రష్షు.
గోడ మీద ఫోటో, కింద టైపు చేసిన అక్షరాలు:
దొర పేరు, దొరసాని పేరు,
వాళ్ళ కాళ్ళ దగ్గర కుక్క పేరు,
వెనక నిలబడ్డ నలభై మందీ "కూలీలు".

అద్దం కింద హాజరు పుస్తకం.
నంబర్లు, గళ్ళు, గీతలు.
"రోజు కూలిని మేం పేరు అంటాం," చెప్పాడు కదిర్వేలు,
"తూకం సరిపోతే పేరు పడినట్టు.
తగ్గిందా, అర పేరు."
పేరు. నా భాషలోనూ అదే మాట.
నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాను,
మింగుడు పడలేదు.

నేల తుడుస్తున్న ముసలామె చీపురు ఆపింది.
మరుదాయి. ముప్పై ఏడేళ్ళు కొండ మీద,
మోకాళ్ళు పోయాక ఈ గదిలో.
పైటకొంగుతో అద్దం తుడిచి
ఎనభై ఎనిమిదో నంబరు మీద వేలు పెట్టింది.
"అమ్మ."
వరసగా గీతలు. తర్వాత మూడు ఖాళీ గళ్ళు.
నాలుగో రోజు సగం గీత.
"ఈ మూడిట్లో ఎక్కడో నేను పుట్టాను.
ఏ గడిలోనో అమ్మని అడగలేదు."

ఎండకి సిరా వెలిసిపోకుండా
నెలకో పేజీ తిప్పమన్నాడట మేనేజరు.
"తిప్పుతుంది," అన్నాడు కదిర్వేలు గొంతు తగ్గించి,
"మర్నాటికి మళ్ళీ ఇదే పేజీ.
నేను చూడలేదు. మీరూ చూడలేదు."

రుచి గదిలో పదకొండు పింగాణీ కప్పులు.
చప్పుడు చేస్తూ పీల్చి, ఉమ్మేయాలి.
నేను మింగేశాను. మర్యాద కాదన్నారు.
కిటికీ అవతల గుమ్మం మెట్టు మీద
మరుదాయి అరచేతిలో చిటికెడు పంచదార పోసుకుని
ఒకసారి నాకి, ఒక గుక్క తాగుతోంది.

బయట సాయంత్రపు తూకం.
ఇప్పుడు ఎర్ర అంకెల కాటా.
వాన తడికని రెండు కిలోలు ముందే కోత.
వరసలో కనకవల్లి, ఇరవై ఏళ్ళుంటాయేమో,
కాళ్ళ నిండా జలగలు కరిచిన ఎర్ర చుక్కలు.
పద్దెనిమిది కావాలి. పదిహేడున్నర దగ్గర ఆగింది.
గోనె తిరగేసి దులిపింది.
అడుగున అంటుకున్న నాలుగాకులు రాలాయి.
అంకె కదల్లేదు.

వెనకున్నామె మాట్లాడకుండా
తన బుట్టలోంచి రెండు దోసిళ్ళు తీసి పోసింది.
తూకం మనిషికి సరిగ్గా అప్పుడే
తుమ్మొచ్చింది.
చాలాసేపు అటు తిరిగే ముక్కు తుడుచుకున్నాడు.