ఉలి కూలి

మురకంబట్టు రోడ్డులో రేకుల షెడ్డు.
చెంగల్రాయులు మేస్త్రి అతికిస్తాడు.
అతికేటప్పుడు చింది, గట్టిపడి కూర్చున్న ఇనప గింజల్ని
నేను ఉలితో రాలగొడతాను.
స్పాటర్ అంటారు దాన్ని.
నాకది దినకూలి.

కడ్డీతో చేసిన కాలంలో చేతి నిండా పని.
కడ్డీ కరిగి పైన పెంకు కట్టేది,
ఆ పెంకు కింద అతుకు ఎర్రగా దాక్కునేది.
చుట్టూతా ఆవాలు చల్లినట్టు గింజలు.
గేట్లు, గ్రిల్లులు, కోళ్ల ఫారం ఊచలు —
నునుపు కావాలని ఎవురడిగినారు?

తర్వాత తీగ మిషనొచ్చింది, గ్యాసు బండతో.
"చూడొద్దు, విను" అన్నాడు మేస్త్రి
నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టి.
తీగ పోయి మడుగును ముట్టుకుంటాది,
ముట్టుకున్న చోటే తెగతాది,
మళ్లా ముట్టుకుంటాది, సెకనుకు వందసార్లు.
కుదిరిందంటే పోపు వేగినట్టు ఒకటే చిటచిట.
వోల్టు పెంచితే సద్దు మారతాది.
తీగ కొనన బొట్టు లావై, లావై,
ఎటు పడాలో తెలీక ఊగి
వడగళ్ల మాదిరి దబ్బుమంటాది.
"ఇదిగో రెడ్డెమ్మా, నీ కూలి పడతాండాది" అని నవ్వినాడు.

బండ మార్చి, ఆర్గాను కలిపి, కరెంటు ఇంకా ఎక్కిస్తే
బొట్లు తీగకన్నా సన్నమై తుంపరగా దిగతాయి,
జల్లెట్లోంచి పిండి దిగినట్టు.
కానీ పండబెట్టిన రేకుకే అది.
నిలువు అతుక్కి మడుగు నిలవదు, కారిపోతాది.

తోతాపురి కోతలకు ముందు
గుజ్జు ఫ్యాక్టరీ స్టీలు గొట్టాలొచ్చినాయి.
లోపల రవ్వంత గరుకున్నా
గుజ్జు ఆడ ఆగి పులుస్తాదంట.
మేస్త్రి టంగ్‌స్టన్ సూదిని పెన్సిల్ మాదిరి చెక్కుకున్నాడు.
సూది కరగదు. నిప్పులోంచి ఏదీ దూకదు.
ఎడం చేత్తో సన్న కడ్డీని
బిడ్డకు ఉగ్గు పెట్టినట్టు
ముంచి తీస్తాడు. ముంచి తీస్తాడు.
ఒక్క గింజ ఎగరలేదు.
మూడు దినాలు ఊరికే కూర్చున్నాను.

శనివారం లెక్క రాస్తా
నా పేరు కాడ పెన్ను ఆపినాడు.
చొక్కా చెయ్యి మడిచి చూపించినాడు —
మోచేతి దాకా తెల్ల చుక్కలు.
ఇవి కడ్డీవి. ఇది తీగ కొత్తలో. మెడ కింద ఇదీ.
"గొట్టాల పనికి మాత్రం గుర్తు యాడా లేదు" అన్నాడు.
గొప్పగా అన్నాడో, దిగులుగానో.

మూడు దినాలకు సగం కూలి చేతిలో పెట్టినాడు.

నేనొక గొట్టం ఎత్తి వెల్తురుకు పట్టినాను.
పైన పేర్చిన రూపాయి బిళ్లల అంచులు,
లోపల సన్నటి గీత.
గోటితో గీకినాను, అలవాటుగా.
ఏమీ తగల్లేదు.
ఇంకోసారి గీకినాను.

పోతా పోతా ఉలిని సంచిలో వేసుకున్నాను.
సోమవారం కోళ్ల ఫారం ఊచలుండాయి.