పలుపు

ఎక్స్‌రేను వెలుగుపెట్టెకు తగిలించాను.
మాలకొండయ్య వెన్నుపూసలన్నీ కలిసి
ఒకే సుద్దకర్ర.
అరవై ఏళ్లు కనిగిరి బోరునీళ్లు తాగిన ఒళ్లు.

కిత్తనార పలుపులు పేనేవాడట.
"ఎద్దు గుంజితే కాస్త సాగాల, తెగకూడదు.
అదమ్మా పలుపంటే."

కాలేజీలో నేను బట్టీపట్టిందీ అదే:
ఎముకను ఎముకతో కట్టేది కొంచెం సాగుతుంది,
కండను ఎముకకు కట్టేది మొండిది, సాగదు,
కీలు అరగకుండా నున్నటి మృదులాస్థి,
సందుల్లో దూదిలా ఒదిగే కొవ్వు,
ఒకచోట నిలవకుండానే అన్నిటినీ కలిపే నెత్తురు.
ఎముకకూ అదే ఇంటిపేరు:
సంయోజక కణజాలం.
పరీక్షలో నాలుగు మార్కులు.

ఈయన లోపలి పలుపులకు సున్నం పట్టింది.
కట్టు రాయైంది.
మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి,
తలుపు మాదిరి.

"తెగిందా అమ్మా?"
తెగలేదు తాతా.
సాగడం మానేసింది.

చాలాసేపు పలకలేదు.
పంకా చప్పుడు. బయట ఎవరిదో టోకెన్ నంబరు.

తర్వాత, సరిగా ముడవని వేళ్లతో
నా మెడలో స్టెతస్కోపు గొట్టం పట్టుకుని
మెల్లిగా లాగాడు, వదిలాడు,
మళ్లీ లాగాడు.

"దీన్ని యాడ పేనారమ్మా?"