నలభై రెండో రోజు

కొండకు పోయొచ్చి నిన్న మాల తీసిన.
నల్ల లుంగీ తీగె మీద ఆరుతున్నది
లోపల మనిషి లేకుంట.

నలభై ఒక్క రోజులు నన్నెవ్వరు జంగయ్యా అనలే.
ఛాయ్ హోటలాయన స్వామీ అన్నడు.
బాకీకొచ్చిన శేటు గూడ
స్వామీ అనే అడిగిండు, జర మెల్లగ.
సన్నీళ్ల తానానికి తెల్లారగట్ల లేపుతూ
నా పెండ్లాం అలివేలు స్వామీ అంటే
పక్కన ఇంకెవరన్న పండుకున్నరా అని సూసేటోన్ని.

తాగలే. తిట్టలే. చెప్పులేసుకోలే.
కొండమల్లేపల్లి చౌరస్తల అందరు మెచ్చుకున్నరు,
ఎవర్ని మెచ్చుకున్నరో నాకు తెల్వది.
బెల్టు షాపు ముంగట నేను నడుస్తుంటే
సైదులు సీసా ఎన్కకు దాసి నిలబడేటోడు.
వద్దనే పని గూడ నాకు మిగల్లే.

నేను మోటర్లు చుట్టేటోన్ని.
కాలిన రాగితీగె ఇప్పుత, కొత్తది చుడత.
ఆటో స్టార్టర్ పెట్టిన బోరు సంగతి నాకెరుకే.
నడిజామున కరెంటు రాంగనే
దానంతటదే ఉరుకుతది.
రైతు దుప్పట్లనే ఉంటడు.
మడి తడుస్తది, కాదన.
తడిపిందెవరంటే మాత్రం
గట్టు మీద ఎవ్వరుండరు.

ఇయ్యాల పొద్దుగూకినంక షటర్ దించుతుంటే
సైదులొచ్చిండు.
"మాల తీసినవ్ గద, జంగన్నా."

పాత అంగీ జేబుల నోటు దొరికినట్టు
నా పేరు.

గ్లాసు నిండింది.
నోట్ల నీళ్లూరినయ్, అబద్ధమెందుకు?
మెడల పూసల్లేవు.
అలివేలు తల్లిగారింటికి పోయింది.
నా లెక్క సాఫైందని దేవుడు గూడ
కితాబు మూసి పండుకున్నట్టుంది.

"వద్దుతియ్" అన్న.

గొంతు గీరుకపోయింది ఆ ఒక్క మాటకు.
దాని కింద ఒట్టు లేదు, డాక్టరు చీటీ లేదు.
ఎందుకని సైదులడిగితే
ఏం జెప్పాల్నో తోచక
షటర్‌కు తాళమేసిన, మళ్లోసారి గుంజి సూసిన.
వాడు నవ్విండు,
నాలుగు దినాలల్ల నువ్వే వస్తవన్నడు.
వస్తనేమో.
వస్తే నా కాళ్ల మీదనే వస్త,
నువ్వు పిలిస్తే వచ్చిన్నని అనను పో, అన్న.

కొత్త చెప్పులు కరుస్తున్నయ్.
కుంటుకుంట పోయి
మా అరెకరం మడికాడ ఆగిన.
డబ్బా మూత తీసి
ఆటో స్టార్టర్ వైరు పీకి జేబులేసుకున్న.

కరెంటు రెండింటికొస్తదట.
లేస్తనో లేదో
సూడాలె.