రెండే కదా ఇచ్చింది

కొర్లగుంటలో మేడమీది గది. రాత్రి రెండు దాటింది.
స్క్రీన్ మీద ఎర్రగా అదే మాట:
"నేను తీసుకునేది రెండు, నువ్విచ్చింది మూడు."

వేళ్లు మడిచి లెక్కబెట్టినాను.
ఒకటి, దూలం ఎంత వంగుతుందో చెప్పే సమాసం.
రెండు, ఎక్స్.
మూడోది ఎక్కడుంది తల్లీ?
బ్రాకెట్ మూలలో చీమలా ముడుచుకుందా?

బియ్యంలో రాళ్లేరినట్టు
కామాలు ఏరుకుంటా కూర్చున్నాను.
ఎక్స్‌కి విలువ లేదు, ఉండకూడదు కూడా.
అంకె కాకుండా అక్షరంగానే
చివరి గీతదాకా నడవాల.
ఐదనో ఆరనో చెప్పి తప్పించుకునే లెక్క కాదిది.

కిటికీలో ఘాట్ రోడ్డు దీపాలు,
ఒక గీతగా వంగి, కొండమలుపు దగ్గర తెగి, మళ్లీ వంగి.
అక్కడ వాలెంత అని అడిగింది మనసు.
దానికేం, అడుగుతుంది.
రేణిగుంట వైపు గూడ్సు బండి చాలాసేపు పోయింది.

తెల్లారి కుప్పమ్మక్క బండి దగ్గర
"రెండు ప్లేట్లు ఇడ్లీ కట్టక్కా,
హంసవేణికొకటి, దేవసేనకొకటి."
ఆమె గరిటె ఆపి చూసింది:
"నీతో కలిపి మూడు గదా పాపా?
నువ్వేమి, గాలి తింటావా?"

చిల్లర కూడా తీసుకోకుండా
మెట్లు రెండేసి ఎక్కినాను.

ఆ ఫంక్షన్‌ని క్లాసు లోపల రాసింది నేనే.
పిలిచిన ప్రతిసారీ, పిలిపించుకున్న వస్తువు
తానే ముందొచ్చి కూర్చుంటుంది,
అడక్కుండా, మొదటి పీట మీద.
దానికి ఆకు వేయలేదు నేను.
వరస ముందు ఒక్క మాట చేర్చినాను: తాను.

ఎరుపు పోయింది.
జవాబు వచ్చింది.
సున్నా.

దూలం మీద బరువుంది, వంపుంది,
వాలు మాత్రం సున్నా అంట, అంత చల్లగా.
రాత్రంతా అరిచిన తప్పే నయం.
ఈ తప్పు నవ్వుతా కాఫీ అందిస్తుంది.

వెతికితే, ఎక్స్‌లు ఇద్దరు.
పైన పుట్టించినదానికి ధనాత్మకం అని చెప్పినాను,
కింద పుట్టించినదానికి ఏమీ చెప్పలేదు.
పేరొకటే, రాతొకటే,
ఒకదాన్నొకటి ఎరగవు.
మా హాజరు పట్టీలో ఇద్దరు దేవసేనలున్నట్టు;
ఒకామె ఫీజు ఇంకొకామె ఖాతాలో పడి
ఆఫీసు చుట్టూ తిరిగింది మొన్న.

ఇడ్లీ చల్లారింది. చట్నీ పొట్లం కారింది.
హంసవేణి లేచి, కళ్లు నులుముకుంటా
"అయిపోయిందా?" అంది.

అరవడం ఆగింది, అన్నాను.