ముందు

గోపాలపూర్‌లో సరుగుడు తోపు దాటితే
ఉప్పుగాలికి సగం మాడిన గోల్ఫు మైదానం.
బ్యాగు మోస్తే పూటకి నూట యాభై,
పోయిన బంతి వెతికిస్తే పైన పది.

చేరిన వారమే, ఏడో గుంట దగ్గర
వెనకనుంచి ఎవరో "ఫోర్!" అని అరిచారు.
క్రికెట్టు మరిగిన చెవులు నావి,
నాలుగు పరుగులనుకుని చప్పట్లు కొట్టాను.
రెండో చప్పట్లోపే బంతి వచ్చి
భుజం ఎముక మీద కూర్చుంది.

వాపుకి చల్లటి సోడా సీసా ఆనించి
బనమాలి చెప్పాడు: అది అంకె కాదు, కేక.
బంతి దారి తప్పింది,
ముందున్నవాళ్ళు తల కాచుకోండని.
వాడి ఒడియాలో "ఆగొ" అంటే ముందు.
నాకది "ఆగు" అనే వినబడింది.
అప్పటినుంచీ ఇద్దరికీ ఒకటే మాట,
అది వినగానే వాడు ముందుకి చూస్తాడు,
నేను కాలు కదపను.

ఇంటి దగ్గర తాత కొర్లయ్య
వాపు చూళ్ళేదు, మాట పట్టుకున్నాడు.
"ఫోరా? ఒరే, అది మా ఓడ మాట కదరా!"
యాభై ఏళ్ళ కిందట
కలకత్తా సరుకు ఓడలో ఖలాసీ ఆయన.
ఫోర్ అంటే అణియం, ఓడ మూతి.
వెనకవైపు, అమరానికీ ఏదో పేరుంది, మర్చిపోయాడు.
సరంగు ఆ మాట అంటే చాలు,
తాడు చుట్ట భుజానేసుకుని ముందుకి ఉరకాలి.
"అదే మాట గడ్డెక్కితే దాక్కోమనా?
దొరలు దాన్ని ఏ రేవులో పారేసుకున్నారో!"

నవ్వాడు, దగ్గాడు,
చేతిలో వల ఒళ్ళో పెట్టుకుని అన్నాడు:
"మన తెప్పలో అణియం మీదోడే అరుస్తాడు.
వొచ్చే అల వాడికే కదా కనబడేది.
వెనకోళ్ళు ఏటని అడక్కుండా వొంగాల.
మీకాడ వెనకోడే కొడతాడు, వెనకోడే అరుస్తాడు.
ఇదేం ఆటరా!"

నిన్న పదకొండో గుంట.
మేజరు గారి బంతి గాలికి వంకర తిరిగింది.
అటు అడ్డదారిలో, ఎండు సరుగుడాకు మూట నెత్తిన,
మా పోలమ్మ పిన్ని.
ఫోర్ అంటే ఆమెకి తెలీదు.
ఆగొ అంటే ఇంకా జోరుగా నడుస్తుంది.
ఆగు అంటే వెనక్కి తిరుగుతుంది,
బంతికి మొహం ఎదురిస్తుంది.

"అల!" అని అరిచాను.
గడ్డి మధ్యలో, ఎండలో,
గొంతు చీలిపోయేలా, "అలొస్తంది!"

పిన్ని వంగింది. మూటతో సహా.
బంతి ఆకులోంచి దూసుకుపోయి
ఇసక గుంటలో పడింది.

"ఏమని అరిచావ్?" మేజరు గారు అడిగారు.
"ఫోరే సార్," అన్నాను.

పిన్ని లేచింది.
మూట సర్దుకోలేదు, మమ్మల్ని తిట్టలేదు.
ముందు
సముద్రం వైపు చూసింది.